ఇంటి యజమానితో సంబంధం

నవంబర్ 5, 2024. మంగళవారం

పీటీ టీచరుగా రిటైరైన రోజు బడి నుంచి తెచ్చుకున్న ఆటల రిజిస్టర్‌లో సగం కాగితాలు ఖాళీగానే ఉన్నాయి. ముందు సగంలో ఖోఖో జట్ల పేర్లు, లాంగ్ జంప్ కొలతలు. వెనక సగంలో ఈ రోజు నుంచి నా రాతలు. అరవై ఎనిమిదేళ్లకు డైరీ ఏమిటని ఎవరూ అడగరు, ఎవరికీ చూపించను కాబట్టి. ఫిబ్రవరిలో విరిగిన మణికట్టుకు రాత మంచి వ్యాయామమని డాక్టర్ చెప్పాడు. అందుకే రాస్తున్నాను. వేరే కారణం లేదు.

పొద్దున నడకకు ఆరుగురు వచ్చారు. సగం గ్రౌండ్‌లో వడ్లు ఆరబోశారు, మిగిలిన సగంలోనే నడిపించాను. సైదమ్మకు మోకాలు నొప్పి, అయినా విజిల్ ఊదితే చేతులు రెండూ పైకి లేస్తాయి. మా హాలియాలో యాభై దాటిన ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గ్రౌండ్ చుట్టూ నడుస్తున్నారంటే అది నా పుణ్యమే. ఈ మాట నేను కాక ఎవరు రాస్తారు.

రేపటి నుంచి ఇంటింటి సర్వే అట. టీవీలో చెప్పారు. బియ్యం ఏరుతున్న ఎస్తేరు చేతిలో చాట ఆగింది. "చాయ్ పెట్టమంటరా మేడం" అంటూ లేచి వెళ్లింది.

ఇంట్లో కూడా మేడం అనే పిలుస్తుంది. హాస్టల్లో వంట చేసిన రోజుల అలవాటు.

నవంబర్ 6

సర్వేవాళ్లు తలుపుకు స్టిక్కర్ అంటించి పోయారు. మా వీధి వివరాలు రాసుకోవడానికి వచ్చేది మనస్విని అట. నా దగ్గర ఖోఖో ఆడిన పిల్ల, హాస్టల్లో ఎస్తేరు వండిన అన్నం తిని పెరిగిన పిల్ల. ఇప్పుడు ప్రైమరీ స్కూల్ టీచరు. వచ్చే బుధవారం మధ్యాహ్నం మా ఇంటికి వస్తానని చెప్పి పంపింది.

ఎస్తేరు రోజంతా మాట్లాడలేదు. బీపీ ఎక్కువైందేమో.

నవంబర్ 7, గురువారం

మా అన్న కొడుకు విజేందర్ వచ్చాడు. సంచిలో చిక్కుడుకాయలు తెచ్చాడు. పని ఉంటే తప్ప చిక్కుడుకాయలు తేడు. కూతురు అక్షితకు మిర్యాలగూడ సంబంధం దాదాపు కుదిరిందట. సంతోషమే అన్నాను.

"గందుకే వచ్చిన అత్తమ్మా. పదేండ్ల కింద సర్వేల ఎట్ల రాయించినవో ఇప్పుడు గూడ గట్లనే రాయించు. ఎస్తేరమ్మ ఇంట్ల పని చేసేటామె. గంతే."

"గిప్పుడు గా ముచ్చట ఎందుకు?"

"మిర్యాలగూడోళ్లు ప్రతొక్కటి అడిగి తెలుసుకుంటున్నరు. నువ్వేమో ఎవ్వరికీ భయపడవు. నోటికొచ్చింది చెప్తవు. పిల్ల పెండ్లి అయిందాక జర ఆగు. నీకు దండం పెడ్త."

ఎస్తేరు చాయ్ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, తన గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. విజేందర్ తలెత్తి చూడలేదు. చిన్నప్పుడు బడి సెలవులన్నీ ఇక్కడే గడిపి, ఆమె చేతి గారెలు లెక్కలేకుండా తిన్నవాడు.

2014 ఆగస్టులో ఒక్క రోజులో రాష్ట్రమంతా రాశారు. బస్సులు లేవు, దుకాణాలు లేవు, ఎవరింట్లో వాళ్లు కూర్చున్నారు. రాయడానికి వచ్చినాయన కొత్తవాడు, తొందరలో ఉన్నాడు. ఎస్తేరును చూసి ఏదో రాసుకున్నాడు. నేను సరిచేయలేదు. జరిగింది అంతే. దానికి నేనేం చేయాలి?

విజేందర్‌తో సరే అనలేదు. చూద్దాం అన్నాను. చూద్దాం అంటే సరే అని కాదు.

నవంబర్ 8

ఎస్తేరు వెళ్లిపోయింది.

గ్రౌండ్ నుంచి వచ్చేసరికి సంచి సర్దుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"అక్కకాడికి పోతున్న మేడం. దేవరకొండల దిగి ఆటో ఎక్కుత."

"ఇప్పుడేం పని పడ్డది?"

"నా పేరు అక్కడ రాయించుకుంట. అక్కడైతే చెల్లె అని రాస్తరు."

కూర గిన్నెలో ఉందని, నా మాత్రలు అద్దం దగ్గర పెట్టానని చెప్పింది. అంత మర్యాదగా చెప్పేసరికి ఒళ్లు మండింది. పోతే పో అన్నాను. పోయింది.

నవంబర్ 9, శనివారం

పొద్దున లెక్క తప్పాను. ఎనిమిది తర్వాత మళ్లీ ఆరు అన్నాను. ఆడవాళ్లు చేతులు గాల్లోనే పెట్టుకుని నా వైపు చూశారు.

"ఎస్తేరమ్మ ఊరికి పోయినట్టున్నది," అంది సైదమ్మ. "విజిల్ గట్టిగ మోగుతలేదు."

ఇంటికి వచ్చి ఎదురుగుండా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ మొన్న రాసింది చదువుకున్నాను. అబద్ధం. నా కోసం నేను రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. సిగ్గుండాలి.

జరిగింది ఇది. 2014లో రాయడానికి వచ్చినాయన తొందరలో లేడు. మర్యాదగా కూర్చుని, పెన్ను మూత తీసి, "ఈమె మీకు ఏమైతది మేడం" అని అడిగాడు. "ఇంట్ల పని చేసేటామె" అని నేను చెప్పాను. ఆ మాట నా నోట్లో ఎవరూ పెట్టలేదు. ఎస్తేరు పది అడుగుల దూరంలో వాకిట్లో పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చాట ఆగింది. నేను చూశాను.

అప్పటికే రిటైరై రెండు నెలలు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేదు. అయినా అన్నాను. అలా అంటే అందరూ నమ్ముతారని నాకు తెలుసు. మా కులం వాళ్లింట్లో ఆమె కులం మనిషి కనబడితే జనం ఏమనుకుంటారో, అదే నాకు చాటుగా పనికొచ్చింది. భయపడ్డానంటే ఎవరైనా క్షమిస్తారు. కానీ అది భయం ఒక్కటే కాదు. ఆమెను తక్కువ చేసి నన్ను కాపాడుకున్నాను.

ఆ రోజు సాయంత్రం ఎస్తేరు వంటింట్లో కింద కూర్చుని, విడిగా పెట్టుకున్న సత్తు గిన్నెలో తిన్నది. బల్ల దగ్గరికి రమ్మంటే "పనోళ్లు బల్ల కాడ తింటరా మేడం" అంది. దసరా దాకా అట్లాగే తిన్నది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది, పక్కలోకి వచ్చింది, పండక్కి నాకు చీర ఎంచింది. కానీ ఆ పిలుపు మాత్రం రాలేదు. అంతకు ముందు ఇరవై ఒక్క ఏళ్లు నన్ను లీలా అని పిలిచింది. నువ్వు అని, పోవే అని, కోపమొస్తే పీటీ అని పిలిచింది. ఆ రోజు నుంచి మేడం. ఆ రోజు నుంచి మీరు. హాస్టల్ అలవాటట. ఎంత బాగా రాశాను.

ఆరేళ్ల కింద పెద్ద కోర్టు మాలాంటి వాళ్ల ప్రేమ నేరం కాదని చెప్పిన రోజు, టీవీ ముందు ఆమె చేయి పట్టుకుని "విన్నవా" అన్నాను. "విన్న మేడం" అంది.

ఫిబ్రవరిలో గ్రౌండ్‌లో జారిపడ్డప్పుడు దవాఖానకు తీసుకుపోయింది తనే. లోపల అడిగారట, మీరేమవుతారని. పని చేసేదాన్నని చెప్పిందట. బయట బెంచీ మీద కూర్చోమన్నారు. విజేందర్ వచ్చేదాకా నాకు ఏమైందో ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. మూడు గంటలు. నాకు కట్టు కట్టి బయటికి తెస్తే, ఎండిన పెదాలతో లేచి నిలబడింది. నేను ఆ రోజు కూడా నవ్వుతూ "ఎందుకట్ల చెప్పినవే" అన్నాను. నేను నేర్పిందే కదా చెప్పింది.

ఎస్తేరును నేను ప్రేమిస్తున్నాను. ముప్పై మూడేళ్లుగా. ఇది మణికట్టు కోసం రాసింది కాదు.

నవంబర్ 10, ఆదివారం

దేవరకొండలో దిగి, ఆటో ఎక్కి, వాళ్లక్క బిక్షమ్మ ఇంటికి చేరేసరికి చర్చి అయిపోయి అందరూ అన్నాలకు కూర్చుంటున్నారు. బిక్షమ్మ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. నేను కూర్చోలేదు. నిలబడి చెప్పాల్సిన మాట అది.

"ఆ దినం సర్వే ఆయన తనంతట రాసుకోలేదు ఎస్తేరు. నేనే చెప్పిన."

"నాకు తెల్వదా మేడం. వాకిట్లనే గద ఉన్న."

"తప్పు చేసిన."

"గీ మాట అనెతందుకు పదేండ్లు పట్టిందా?"

"పట్టింది."

బిక్షమ్మ మా ఇద్దరినీ చూసి గంటె కింద పెట్టి లోపలికి పోయింది. ఎస్తేరు పళ్లెంలో అన్నం కలుపుతూ ఉంది, ముద్ద నోటికి పోలేదు.

"నాకు దవాఖానల బెంచీ మీద కూసునుడు బాధ అనిపియ్యలే," అంది. "మీకేమన్నైతే నేను ఏడ్వనీకె కూడ హక్కు లేదని అనిపించింది. పనామె ఏడిస్తే ఎంతసేపు ఏడుస్తది. రేపు నేను పోయినా గంతే. మీరు నా పెట్టె పక్కన నిలబడి, మా ఇంట్ల పని చేసేది, మంచిది అంటరు."

నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. బిక్షమ్మ మనవరాళ్లు తలుపు సందులోంచి చూశారు, చూడనీ.

ఇంటికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది.

"బుధవారం పొద్దుగాల వస్త. మనస్విని రాసేటప్పుడు మల్ల గా పీట మీదనే కూసుంట, చాట పట్టుకోని. మీరేం జెప్తరో వింట. విన్నంక, ఉండాల్నా పోవాల్నా అప్పుడు చూస్త."

పరీక్ష పెట్టింది. పెట్టనీ. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు పరుగు పందేలు పెట్టినదాన్ని, గీత దగ్గర నిలబడటం నాకు రాదా.

బస్సులో ఒళ్లో బిక్షమ్మ ఇచ్చిన పల్లికాయ సంచి. ఒక్కటి కూడా తినలేదు.

నవంబర్ 11

అక్షిత ఫోన్ చేసింది. వాళ్ల నాయినే చేయించాడనుకున్నాను, కాదట.

"అమ్మమ్మా, నాకు ఆ అబ్బాయి నచ్చిండు. నిజంగనే నచ్చిండు."

విజేందర్‌తో కొట్లాడటం తేలిక. ఈ పిల్లను భుజం మీద ఎక్కించుకుని గ్రౌండ్ చుట్టూ తిప్పినదాన్ని.

"నచ్చితే చేసుకో బిడ్డా. కాని మా ఇంటి సంగతి అతనికి నువ్వే చెప్పు. మీ నాయిన చెప్పడు, ఊరోళ్లు చెప్తే వంకరగ చెప్తరు."

"ఏమని చెప్పాలె?"

"మా అమ్మమ్మకు ఎస్తేరమ్మ ఉన్నదని. ఎస్తేరమ్మకు మా అమ్మమ్మ ఉన్నదని. పెండ్లి చేసుకున్నోళ్లు ఎట్లుంటరో గట్లనే ఉంటరని."

"వాళ్లు వద్దంటే?" అంది.

"వద్దంటే నావల్లనే పోయిందను. జీవితమంతా నన్ను తిట్టు, పడ్త. ఎస్తేరును మాత్రం మల్ల తప్పు రాయియ్య."

ఫోన్ పెట్టేసింది. కోపంతో పెట్టిందో ఏడుపుతో పెట్టిందో తెలియలేదు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను. ఒక పెళ్లి నిలవడానికి ఇంకో కాపురాన్ని దాచిపెట్టాలంటే, ఆ పెళ్లిలో ఆ పిల్ల కూడా రేపు ఏదో ఒకటి దాచుకుంటూ బతకాలి. అది నేను బతికి చూశాను.

నవంబర్ 12

మనస్వినికి ఏం చెప్పాలో రాసుకున్నాను. స్నేహితురాలు. అక్కలాంటిది. దూరపు బంధువు. మూడూ కొట్టేశాను.

నవంబర్ 13, బుధవారం

అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి.

ఎస్తేరు పదింటికి దిగింది. సంచి లోపల పెట్టలేదు, అరుగు మీదే ఉంచింది. వంట చేయబోతే వద్దన్నాను, నేను వండిన పప్పే ఇద్దరం తిన్నాం. ఉప్పు ఎక్కువైంది.

మధ్యాహ్నం మనస్విని కంటే ముందు విజేందర్ బండి వచ్చింది. "రాయించేకాడ నేను గూడ ఉంట" అని ముందు గదిలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి మనస్విని వచ్చింది, మెడలో కార్డు, చేతిలో కాగితాల కట్ట. నన్ను చూడగానే పాత భయంతో నిటారుగా నిలబడింది. కూర్చోబెట్టాను. వాకిట్లో ఎస్తేరు పీట వేసుకుని, చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. పదేళ్ల కింద కూర్చున్న చోటే. మా వైపు వీపు.

"ముందుగాల ఇంటి యజమాని పేరు రాయాలె మేడం," అంది మనస్విని. పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది, నా పేరు రాయడానికి.

"రాయి. ఎస్తేరు."

పెన్ను ఆగింది. విజేందర్ "అత్తమ్మా" అన్నాడు.

"యజమాని ఎస్తేరు. ఇల్లు నా పేరు మీద ఉన్నా నడిపేది ఆమె. ఈ ఇంట్ల ఎవరు ఎవరికి ఏమైతరో ఆమెనే చెప్తది. ఇంతకుముందు ఒకపారి నేను చెప్పి చెడగొట్టిన."

"అత్తమ్మా, జర ఆలోచన చెయ్యి, పిల్ల బతుకు..."

"లే విజేందర్."

గ్రౌండ్ గొంతు అది. తొమ్మిదో తరగతి సెలవుల్లో నా ముందు డ్రిల్ చేసిన పిల్లవాడు. ఎందుకు లేస్తున్నాడో తెలిసేలోపే లేచి నిలబడ్డాడు.

"ఆ కుర్చీ ఆమెది. ఎస్తేరు, ఇటు రా."

ఎస్తేరు వెనక్కి తిరిగి చూసింది. చీర దులుపుకుని లేచి, మెల్లగా నడిచి వచ్చింది. నేను ఆమె పక్కనుంచే వాకిట్లోకి వెళ్లాను. పీట మీద కూర్చున్నాను. చాట ఒళ్లోకి తీసుకున్నాను. పీట ఇంకా వెచ్చగా ఉంది. అరవై ఎనిమిదేళ్ల నడుము అంత కిందికి వంగడానికి ఒప్పుకోలేదు, ఒప్పించాను.

అక్కడి నుంచి లోపల ప్రతి మాటా వినబడుతుంది. పెన్ను మూత తీసిన చప్పుడు కూడా వినబడుతుంది. ఆ రోజు ఆమెకు ఎంత స్పష్టంగా వినబడి ఉంటుందో అప్పుడు తెలిసింది.

వయసు అడిగింది, చదువు అడిగింది. ఎస్తేరు అన్నిటికీ చెప్పింది. తర్వాత మనస్విని అంది, "ఇంట్ల ఇంక ఎవరుంటరక్కా?"

నా వేళ్లు బియ్యంలో ఉండిపోయాయి. ఇప్పుడు ఆమె ఏమన్నా అనొచ్చు. పని చేసేటామె అనొచ్చు. ఆ మాటకు ఆమెకు హక్కు ఉంది. అంటే పడాలని కూర్చున్నాను.

"నేను, లీల," అంది ఎస్తేరు.

"లీలమ్మ మేడం మీకు ఏమైతది?"

"ముప్పైయొక్క ఏండ్ల సంది కాపురం చేస్తున్నం బిడ్డా. నీ కాయితంల దానికి ఏం పేరున్నదో నువ్వే చూడు."

విజేందర్ చెప్పుల చప్పుడు వచ్చింది, తర్వాత బండి తీసిన చప్పుడు. నా ముందునుంచే వెళ్లాడు. పీట మీద నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పాపం, వాడూ తండ్రే. అయినా నేను లేవలేదు.

"ఇతరులు అని ఉన్నది అక్కా," అంది మనస్విని గొంతు తగ్గించి. "భార్య, భర్త అని కూడ ఉన్నది. ఏది పెట్టమంటరు?"

"ఇతరులం ఎట్లయితం బిడ్డా? గదే పెట్టు, భార్య భర్త అన్నది. ఎవరు ఏందని అడుగకు."

మనస్విని నవ్వింది. చిన్నగా, ముక్కులోంచి, ఖోఖోలో దొరికిపోయినప్పుడు నవ్వినట్టే. తర్వాత రాసింది. పై వాళ్లు ఉంచుతారో కొట్టేస్తారో నాకు తెలియదు. ఎస్తేరు ఆ గడిని దగ్గరగా పెట్టుకుని చదివి, కింద పూర్తి పేరు సంతకం చేసింది.

మనస్విని వెళ్తూ నా ముందు ఆగి, "అక్క చేతి పప్పు తిని ఎన్నేండ్లయిందో మేడం, ఒకదినం వస్త" అంది. రమ్మన్నాను. పప్పు నేను వండనని మాట ఇచ్చాను.

ఎస్తేరు అరుగు మీది సంచి తీసి లోపల పెట్టింది. నన్ను లేపడానికి చేయి ఇచ్చింది, ఎందుకంటే నేను నిజంగానే లేవలేకపోయాను. లోపల మనస్వినికి లీల అని చెప్పిన పేరు కాగితం కోసం చెప్పిందా, నా కోసం చెప్పిందా, ఎలా అడగను.

సాయంత్రం అక్షిత నుంచి మెసేజ్. "చెప్పిన అమ్మమ్మా. ఆలోచించుకుంట అన్నడు." అంతే ఉంది. నాలుగుసార్లు చదివాను. భయంగానే ఉంది. కానీ చెప్పింది, పిల్ల చెప్పింది. ఆ వయసులో నేను చెప్పలేకపోయాను.

నవంబర్ 14

పొద్దున చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లాను. వెనక వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగింది.

"లీలా, విజిల్ మరిచిపోయినవ్."

మరిచిపోలేదు. జేబులోనే ఉంది. చప్పుడు చేయకుండా, ఇంకోసారి పిలుస్తుందేమోనని గేటు పట్టుకుని నిలబడ్డాను.

"ఓ లీలా, నిన్నే. చెవుడు గిట్ల వచ్చిందా?"

గ్రౌండ్‌కు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి.